ఎడమ స్టీరింగు బండిని ఎంచింది నేను

ఇన్నేళ్ళలో నన్ను ఒక్కరూ అడగలేదు. మా ఇంటికి ఆ పెద్ద బండి ఎలా వచ్చింది, ఎవరు వెతికారు, ఎవరు దాని కిందికి దూరి చూశారు, ఎవరు వద్దన్నారు అన్న సంగతి నా నోటి నుంచి వినాలనుకున్న మనిషి బంధువుల్లోనూ లేడు, ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళు ఏలిన ఈ తమిళ ఊళ్ళో మా నెల్లితోపు వీధిలోనూ లేడు. మొన్న మా అన్న షష్టిపూర్తిలో మైకు పట్టుకున్న ఒకాయన, "అందరూ చిన్న కార్ల వెంట పడుతున్న రోజుల్లోనే ముందుచూపుతో అంత పెద్ద బండిని ఎంచిన మనిషి" అని అన్నను పొగిడాడు. జనం చప్పట్లు కొట్టారు. అన్న కండువా సర్దుకుని నవ్వాడు. కాదని ఒక్క మాట అనలేదు. ఆ సమయంలో నేను రెండో పంక్తికి నీళ్ళు పోస్తున్నాను. జగ్గు పక్కన పెట్టి మైకు లాక్కుందామనిపించింది. శుభకార్యం చెడగొట్టాడన్న పేరు కూడా నాకే మిగులుతుందని ఆగాను. ఇక ఆగను.

మాకు శెనక్కాయలు ఒలిచే మిషను ఒకటి ఉండేది. నాన్న కొన్నది. పాత లారీ చక్రాలు బిగించిన ఇనుప చట్రం మీద ఒక ఆయిలింజను, దాని పక్కన కాయను పగలగొట్టే డ్రమ్ము, పైన కాయలు పోసే తొట్టి. కోతలయ్యాక దాన్ని తిండివనం వైపు ఊళ్ళకు తీసుకువెళ్ళి రైతుల కళ్ళంలోనే కాయ ఒలిచి గింజ చేతికిచ్చేవాళ్ళం. పొట్టు ఒక పక్క గుట్ట పడేది, గింజలు ఒక పక్క గోనె మీదికి జారేవి. ఆ మోత నాకు చిన్నప్పటి నుంచి జోలపాట.

నాన్న పోయాక బజారులోని ఇనుపసామాన్ల అంగడిని అన్న చూసుకున్నాడు, మిషన్ను నేను చూసుకున్నాను. మిషను లాగే ఎద్దులు ముసలివయ్యాయి. ఎవరి మిషను ముందు కళ్ళంలోకి చేరితే వాళ్ళకే ఆ ఊరి కాయంతా ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. ట్రాక్టర్లున్నవాళ్ళు మాకంటే ముందు చేరడం మొదలుపెట్టారు. మేము వెళ్ళేసరికి కళ్ళంలో పొట్టు గుట్ట మాత్రమే ఉండేది.

ఒకరోజు భోజనాల దగ్గర, అందరూ వింటుండగా, అన్న అన్నాడు:

"అమ్మేద్దాంరా దాన్ని. అంగట్లో వచ్చి కూర్చో. మేకులు తూచేదానికి నాకు మనిషి కావాల."

మేకులు తూచేదానికి! ఆ మాట నేను మరిచిపోలేదు. మజ్జిగ అన్నం ముందు కూర్చుని విన్నాను.

"మిషను చెడిపోలేదన్నా. లాగే ఎద్దులు చెడినాయి. లాగేదానికి బండి ఉంటే చాలు," అన్నాను.

ఇంట్లో పెద్ద బండి కావాలన్న మాట అప్పటికే ఉంది. అమ్మ, మా ఇద్దరి భార్యలు, పిల్లలు, వచ్చేపోయే చుట్టాలు అందరూ కలిసి ఎక్కడికి పోవాలన్నా టౌను బస్సులో సగంమంది నిలబడాల్సిందే. అన్న తీర్పు చెప్పాడు.

"సరి. బండి ఎట్టాగూ కొనాల. ఇంటిల్లిపాదీ పట్టాల, నీ మిషన్నూ లాగాల. కాయ ఒలిచే మొదటిరోజు తిండివనం పక్క పెద్ద ఊరి కళ్ళానికి ముందుగా చేరితే మిషను ఉంటాది. చేరకపోతే అదే వారంలో అమ్మేస్తా. మళ్ళీ నోరెత్తగూడదు."

ఒప్పుకున్నాను. నా బతుకు ఒక సెకండ్‌హ్యాండ్ బండి వెనక హుక్కుకు తగిలించినట్టయింది.

బండిని వెతికే పని నాది అనుకున్నాను. కాని మా వదిన తమ్ముడు మధ్యలో దూరాడు. ఏదో ఆఫీసులో గుమాస్తా. ఇంజను గురించి అతనికి తెలిసింది తాళంచెవి తిప్పడం వరకే. గోరిమేడులో ఒక ఉద్యోగస్తుడి దగ్గర మంచి వ్యాను ఉందని అన్నకు నూరిపోశాడు. ముగ్గురమూ వెళ్ళాం. వ్యాను నీలం రంగు, కిటికీలకు పూలపూల తెరలు, లోపల రేడియో. అన్న ముందుగా హారను కొట్టాడు. తర్వాత సీటు నొక్కాడు. రేడియో పెట్టి తల ఊపాడు. అంతటితో ఆయన పరీక్ష అయిపోయింది.

నేను వంగి చూశాను. మీటరు కొంచెమే తిరిగినట్టు చూపిస్తోంది గాని క్లచ్చి పెడలు మీద రబ్బరంతా అరిగి ఇనుము తేలి మెరుస్తోంది. అంతలా అరగాలంటే ఆ కాలు ఎన్ని ఊళ్ళు తిరిగి ఉండాలి? కాళ్ళ కింద కొత్త చాప పరిచారు. ఎత్తి చూస్తే కింద రేకు వేలితో నొక్కితే లోపలికి పోతోంది. అన్నిటికంటే ముఖ్యం, హుక్కు బిగించడానికి వెనక గట్టి ఇనుప దూలమే లేదు, అంతా పలచటి రేకే. అలాంటిదానికి మిషను తగిలిస్తే మిషను కదలదు, వ్యాను వెనక భాగమే ఊడివస్తుంది.

"మా మిషను తెచ్చి తగిలించి చూస్తాను," అని బండి ఆయనతో అన్నాను.

ఆయన తమిళంలో ఈసడించుకున్నాడు. "ఇది కుటుంబాలు తిరిగే బండయ్యా. నువ్వు ఎద్దును కొనడానికి వచ్చావా?"

వదిన తమ్ముడు పగలబడి నవ్వాడు. "బావా, వీడు బండి పళ్ళు కూడా లెక్కబెడతాడేమో చూడు!"

అన్న కూడా నవ్వాడు. దారిలో, "పరువు తీసినావు కదరా," అన్నాడు. ఎవరి పరువు ఎవరు తీశారో నాకు తెలుసు. ఈ నవ్వును కూడా దాచుకున్నాను.

నాకు కావలసిన బండి నాకే దొరికింది. అన్న నన్ను తలుపు బందులు ఇచ్చి రమ్మని కాలువకు అవతల, ఫ్రెంచివాళ్ళ పాత ఇళ్ళున్న వీధికి పంపాడు. ఆ ఇంట్లో ఒక ముసలాయన ఉండేవాడు. ఫ్రెంచి సైన్యంలో చేసి పెన్షను తింటున్నవాళ్ళను మా ఊళ్ళో సొల్దా అంటారు, ఈయన అలాంటి సొల్దా. పెరట్లో రేకుల కప్పు కింద, కోళ్ళు కాపురం పెట్టిన ఒక పెద్ద బండి కనబడింది. మూతి జీపులా ఉంది, వెనక మాత్రం చిన్న గదంత పొడవు. లోపల ఎదురెదురుగా రెండు పొడవాటి బల్లలు. స్టీరింగు ఎడమ పక్కన ఉంది. ఓడెక్కి పోతూ ఒక తెల్లదొర వదిలేసిన బండి అది.

"లాగుతుందా తాతా?" అన్నాను.

"లాగడానికే పుట్టింది," అన్నాడు తమిళంలో. "నన్ను అడిగితే ఏం లాభం? దాన్నే అడుగు."

అదీ మాట. అమ్మేవాడి నోటి నుంచి వినదగ్గ ఒకే ఒక్క మాట. ఆయనే కోళ్ళను తోలి బానెట్టు ఎత్తాడు. నేను కిందికి దూరాను. ముందు నుంచి వెనక దాకా రెండు బలమైన దూలాలు, ఎక్కడా అతుకు లేదు. వెనక కమాను పట్టీలు వంగిపోలేదు. నాలుగు చక్రాలకూ ఇంజను పట్టు అందించే అదనపు గేరు ఉంది. పెడలు రబ్బరు అరిగింది గాని అది అబద్ధం చెప్పడం లేదు, మీటరు కూడా అంతే తిరిగింది.

మరుసటి ఆదివారం ముసలి ఎద్దులతో మిషన్ను ఆ వీధి దాకా తోలుకువెళ్ళాను. తెల్లగోడల మధ్య శెనక్కాయల మిషను రావడం చూసి వీధంతా కిటికీల్లోకి వచ్చింది. సొల్దా తాత పక్కన కూర్చున్నాడు. మిషన్ను బండికి తగిలించి గోరిమేడు ఎర్రమట్టి ఎత్తు మీదికి తోలాను. మా ఊళ్ళో మేడు, అంటే మిట్ట, అనదగ్గది అదొక్కటే. ఖాళీగా తిప్పి చూస్తే ఏ బండైనా బంగారమే, బరువు తగిలించి ఎత్తు ఎక్కిస్తేనే దాని గుణం తెలుస్తుంది. సగం ఎత్తులో కావాలనే ఆపాను. మళ్ళీ కదిలించాను. వెనక్కి జారలేదు, క్లచ్చి కాలిన వాసన రాలేదు. పైకి చేరాక రేడియేటరు మీద చెయ్యి పెట్టి చూశాను. వేడెక్కింది గాని కాగిపోవడం లేదు. మిషనుతోనే వెనక్కి కూడా నడిపి చూశాను.

"సంతోషమా?" అన్నాడు తాత.

సంతోషం కాదు. ప్రాణం లేచొచ్చింది.

ఇంటికి వచ్చి చెబితే అమ్మ అడ్డం తిరిగింది. ఎడమ పక్క స్టీరింగు అనేసరికి ఆమె ముఖం మారింది.

"ఎడంచేతి బండా? శుభానికి పొయ్యేటప్పుడు దాంట్లో ఎట్ట ఎక్కేదిరా? ఎడంచేత్తో విస్తరి కూడా తాకం మనం."

"అదేగదత్తా," అని అందుకున్నాడు వదిన తమ్ముడు. "ఎడంచేతి బండి, ఎడ్డి డ్రైవరు. జత కుదిరింది."

అన్న ఆ మాట పట్టుకున్నాడు. "అమ్మే వొద్దంటా ఉండాది. ఇంకేంది?"

నేను అమ్మ ముందు కింద కూర్చుని, లేని స్టీరింగు పట్టుకుని చూపించాను. "అమ్మా, స్టీరింగు ఏ బండిలోనైనా రెండు చేతుల్తోనే తిప్పాల. గేరు మాత్రం ఒక చేత్తో మారుస్తాం. అన్న చూసిన వ్యానులో డ్రైవరు కుడిపక్క కూర్చుంటాడు, గేరు ఎడంచేతికి వస్తాది. నా బండిలో నేను ఎడంపక్క కూర్చుంటా, గేరు మార్చేది కుడిచేత్తో. ఇప్పుడు చెప్పు, ఏది ఎడంచేతి బండి?"

అమ్మ తన చేతులు రెండూ గాలిలో పెట్టి, డ్రైవరులా కదిలించి చూసుకుంది. ఇటు ఒకసారి, అటు ఒకసారి.

"అవును గదరా," అంది అన్నతో. "నీ వ్యానే గదా ఎడంచేతిది!"

వదిన వంటింట్లో నవ్వాపుకోలేక పళ్ళెం జారవిడిచింది. చివరికి అన్న, కాయ ఒలిచే మొదటిరోజుకు బండిని తీసుకువెళ్ళి చూద్దాం, లాగితే ఇదే కొందాం, లేకపోతే మిషన్ను అమ్మి వ్యాను కొందాం అన్నాడు. సొల్దా తాత ఆ షరతుకు ఒప్పుకున్నాడు. "అది వెనక్కి రాదు," అని మాత్రం అన్నాడు.

ఆరోజు తెల్లవారగానే బయలుదేరాం. నేను ఓడిపోవడం కళ్ళారా చూడాలని అన్న వచ్చాడు. అన్నకు తోడుగా వదిన తమ్ముడు వచ్చాడు. మేమిద్దరం దారిలో కొట్టుకుంటామని అమ్మ వచ్చింది. అమ్మ ముందు సీటులో, నా కుడిపక్కన కూర్చుంది. ఆ ఇద్దరూ వెనక బల్లల మీద కాళ్ళు చాపుకున్నారు.

రోడ్డు మీద మొదట ఒక ఇబ్బంది తేలింది. దాచడం ఎందుకు? ఎడమ పక్కన కూర్చున్నవాడికి ముందున్న లారీని దాటాలంటే ఎదుట ఏం వస్తోందో కనబడదు. వదిన తమ్ముడు వెంటనే, "చెప్తిని గదా!" అన్నాడు. కాని కుడిపక్క అమ్మ ఉంది. ఆమెకు రోడ్డంతా కనబడుతోంది.

"అమ్మా, ఎదర ఏమన్నా వస్తా ఉండాదా?"

"బస్సొస్తా ఉండాది, గమ్మునుండు." కాసేపాగి, "ఇప్పుడు పో నాయనా. పో, పో!"

రెండో లారీకి ఆమెకు అలవాటైపోయింది. మూడోదానికి నేను అడగకముందే చెబుతోంది. పాత చీర కొంగు బిగించి ముందుకు వంగి కూర్చుంది. అంతకుముందు రోడ్డును ఎవరూ ఆమె చేతికి ఇవ్వలేదు మరి.

పెద్దరోడ్డు వదిలాక పెద్ద ఊరికి ఒక చెరువు కట్ట మీద నుంచి పోవాలి. కట్టకు కుడిపక్క చెరువు, ఎడమపక్క నిలువునా దిగిపోయే పొలాలు. ముందురోజు వాన పడి అంచులు మెత్తబడ్డాయి. కట్ట మొదట్లోనే శెనక్కాయల మిషను తగిలించుకున్న ఒక ట్రాక్టరు పక్కకు తీసి ఆగి ఉంది. ఏటా మా కంటే ముందు చేరేది అదే.

"ఏమన్నా, ఆగినావు?" అని దాని డ్రైవరును అడిగాను.

"అంచు కనబడలేదు. ఎండెక్కి ఆరినాక పోతా," అన్నాడతను తమిళంలో. "నువ్వూ ఆగు."

వెనక నుంచి అన్న గొంతు వినబడింది. "వాడే ఆగినాడు. దిగు. చాలు."

నేను గేరు వేశాను. కట్ట సగందాకా బాగానే వెళ్ళాం. అప్పుడు ఎదురుగా చెరకు కట్టలు తలకు మించి ఎత్తిన ఎద్దుబండి వచ్చింది. దాన్ని వెనక్కి పంపలేం. వెనకున్న మిషనుతో అంత మెత్తటి కట్ట మీద మేమూ వెనక్కి పోలేం. ఒక్కటే మార్గం. మేము ఎడమ అంచుకు ఒరిగిపోవాలి, చెరకు బండి చెరువు పక్కగా జారిపోవాలి.

వదిన తమ్ముడు వెనక తలుపు తీసుకుని కిందికి దూకేశాడు. "బావా, దిగండి! పిల్లలు గలవాళ్ళు!" అని కేకలు పెట్టాడు. అన్న లేచాడు. అమ్మ కదలలేదు గనక ఆయన దిగలేకపోయాడు, అంతే.

నేను తల బయటికి పెట్టాను. నా మోచేతి కిందనే చక్రం, చక్రం పక్కనే అంచు. మట్టి ఎక్కడ గట్టిగా ఉంది, ఎక్కడ పగులు పట్టింది, గడ్డి వేరు ఎక్కడ పట్టుకుంది, అన్నీ కనబడుతున్నాయి. కుడిపక్క కూర్చునే డ్రైవరైతే ఇదంతా ఊహించుకోవాలి. నేను చూస్తున్నాను. నెమ్మదిగా, నాలుగు చక్రాల గేరులో, జానెడు జానెడు పోనిచ్చాను. కుడివైపు నాకు కనబడదు. అది అమ్మ చూసుకుంది.

"చెరుకు తగలతా ఉండాది నాయనా, నీ పక్కకు పో... ఇంకొంచిం... చాలు, చాలు! ఇప్పుడు తిన్నంగా పో... ఎద్దు బెదురుతా ఉండాది, ఆగు... ఆ, పో!"

చెరకు ఆకులు ఆమె కిటికీ పొడుగునా గీసుకుంటూ పోయాయి. తర్వాత మిషను తొట్టికి గీసుకున్నాయి. తర్వాత ఏమీ వినబడలేదు. ఇంజను మాత్రమే. చెరకు బండివాడు వెనక నుంచి, "భలే అమ్మా!" అని అరిచాడు తమిళంలో. నన్ను కాదు, అమ్మను. పోనీ, ఆ మెప్పు ఆ ఒక్కరికి ఇస్తాను.

కట్ట దిగాక ఊరిలోకి మోకాలి లోతు బురద ఉంది. బండి మూలుగుతూ లాగింది. లాగిందే గాని ఆగలేదు. కళ్ళంలో పెద్ద రైతు చుట్ట కాల్చుకుంటూ నిలబడి ఉన్నాడు. ఆయన వెనక తార్పాలిను కప్పిన శెనక్కాయ గుట్టలు మనిషెత్తున ఉన్నాయి. ఇంకే మిషనూ లేదు.

"ఈ వానకు ఎవడూ రాడనుకున్నా," అన్నాడు. "దించు."

మిషను మొదలెట్టాను. మొదటి తొట్టి కాయ పోశాం. పొట్టు ఎగిరి అన్న తెల్లచొక్కా మీద పడింది. గింజలు ఎర్రగా గోనె మీదికి జారాయి. ఆ మోత ఊరంతా వినబడింది, చుట్టుపక్కల కళ్ళాలవాళ్ళు తట్టలతో రావడం మొదలెట్టారు. ట్రాక్టరు ఎండెక్కాక వచ్చింది. మా పొట్టు గుట్ట చూసి తిరిగిపోయింది. వదిన తమ్ముడు దానికంటే తర్వాత వచ్చాడు, చెప్పులు చేతిలో పట్టుకుని, మోకాళ్ళ దాకా బురదతో.

"ఏం నాయనా, బండి పళ్ళు లెక్కబెట్టుకుంటా వొచ్చినావా?" అని అమ్మ అడిగింది. ఆ మాట ఎవరు ఆమెకు చెప్పారో నాకు తెలియదు. నేను చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

ఆ సీజనంతా ఆ ఊరి కాయ మాదే. బండి ఇంటికే వచ్చింది. సొల్దా తాత చెప్పినట్టే వెనక్కి పోలేదు. చీరలు కట్టుకున్నవాళ్ళు ఎక్కడానికి వెనక ఒక ఇనుప మెట్టు వేయించాను. పెళ్ళిళ్ళకు, పేరంటాలకు, సెలవురోజుల్లో పిళ్ళైచావడి సముద్రానికి అందరం అందులోనే పోయాం. ఒకసారి అక్కడి జాలర్లు విరిగిన పడవను బాగుచేయించడానికి తీసుకుపోవాలంటే అదీ లాగాను. కుడిపక్క సీటు అమ్మది. ఆమె పోయేదాకా అక్కడ ఇంకెవరూ కూర్చోలేదు. ఆఖరి రోజుల్లో చూపు మందగించినా "పో నాయనా" అనేది, నేను తల తిప్పి చూసుకునే పోయేవాణ్ణి.

పల్లెల్లోనే ఒలిచే మిల్లులు వచ్చేదాకా మిషను నడిచింది. మా పిల్లల చదువులూ, నాకంటూ ఒక ఇల్లూ ఆ మిషను మోతలో నుంచే వచ్చాయి. నేను ఒక్కరోజు కూడా అంగట్లో మేకులు తూచలేదు. ఇది గెలుపు కాకపోతే గెలుపంటే ఏమిటో నాకు తెలియదు.

అన్న సంగతి చెప్పాలి. కళ్ళం నుంచి తిరిగొస్తూ ఆయన వెనక బల్ల మీద పచ్చి గింజలు నములుతూ కూర్చున్నాడు. మర్నాడు నేను అంగడికి వెళ్ళేసరికి గల్లాపెట్టె దగ్గర ఎవరికో చెబుతున్నాడు: "ఎడంపక్క స్టీరింగైతే అంచు బాగా కనబడతాదని మేమే ఏరి తెచ్చినాం." మేమే! నన్ను చూశాడు. చూపు తిప్పుకోలేదు. అప్పటి నుంచి ఆ "మేము" మెల్లగా "నేను" అయింది. బండి మీద అన్న చూపు పడిందనీ, తమ్ముడు వద్దన్నాడనీ కూడా ఒక పెళ్ళిలో విన్నాను. ఎదురుగా కూర్చుని విన్నాను.

మా ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే గాని చదివేవాళ్ళు లేరు. యానాం నుంచి వచ్చిన ఒక మాస్టారి దగ్గర అక్షరాలు నేర్చుకున్నది నేనొక్కణ్ణే. అందువల్ల దీన్ని అన్న చదవలేడు. ఇది చూసిన తెలుగు చదువరి ఎవరైనా మా నెల్లితోపు అంగడికి వెళ్ళి, గల్లాపెట్టె ముందు నిలబడి, ఆయనకు చదివి వినిపించాలి. పక్కన జనం ఉండగా చదవండి. కింద ఉన్నది మాత్రం నెమ్మదిగా చదవండి.

అన్నా, మిషను అమ్మేస్తానన్నది ఎవరు? ఆ బండిని వద్దన్నది ఎవరు? కట్ట మీద దిగమన్నది ఎవరు? నువ్వు అమ్మ బిడ్డవే, నేనూ అమ్మ బిడ్డనే. ఆమె పేరు మీద అడుగుతున్నా. ఆ బండిని ఎంచింది నువ్వా, నేనా? కండువా సర్దుకోవద్దు, నవ్వొద్దు. నోరు తెరిచి జవాబు చెప్పు.